ఊరంతా తీసేసిన యాప్

మొన్న కండ్లకోయలో ఒక ఇంజనీరింగు కాలేజీ పిల్లలు నన్ను మాట్లాడటానికి పిలిచారు. ఫోన్ యాప్ తెరవగానే జనానికి కనబడే మెసేజ్‌లు ఎలా రాయాలన్నది విషయం. నాకు ముందు మాట్లాడినాయన తెర మీద బొమ్మలు వేసి గంటసేపు చెప్పాడు. నా దగ్గర బొమ్మలేమీ లేవు. పాల డెయిరీలో ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగి రిటైరైన మనిషిని. ఈ మెసేజ్‌ల పని చివరి రెండేళ్లే చేశాను. పది నిమిషాలు ఏదో చెప్పి దిగబోతుంటే ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. "సార్, మీరు రాసినవాటిలో బాగా పనిచేసిన మెసేజ్ ఏది? అది పనిచేసిందని మీకెలా తెలిసింది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే టైమైపోయిందని అందరిచేతా చప్పట్లు కొట్టించేశారు. పోనీలే, మంచిదే అయింది. బాగా పనిచేసినదాని గురించి చెప్పాలంటే అంతకుముందు రాసి ఊరినే పోగొట్టుకున్నదాని గురించి చెప్పాలి. అది పది నిమిషాల్లో తెమిలేది కాదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మా డెయిరీ మేడ్చల్ దగ్గర. పేరెందుకులెండి. నాది సూపర్‌వైజర్ ఉద్యోగం. శామీర్‌పేట వైపు ఊళ్లలోని పాలకేంద్రాలు నేను చూసుకునేవాణ్ని. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఐదింటికీ రైతులు క్యాన్లతో వచ్చి పాలు పోస్తారు. మిషన్ వెన్న శాతం చూపిస్తుంది. ఒకప్పుడు ఆ అంకె చీటీ మీద రాసిచ్చేవాళ్లు. తర్వాత యాప్ వచ్చింది, అంకె ఫోన్లో కనబడసాగింది. రైతు ఆ యాప్ తెరిచేది రోజుకు రెండేసార్లు, పాలు పోసిన వెంటనే, వెన్న ఎంత వచ్చిందో చూసుకోవడానికి. మా మెసేజ్ కంటబడేది కూడా అప్పుడే. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

మొదట్లో మెసేజ్‌లు సిటీలో ఎవరో రాసి పంపేవాళ్లు. "ప్రియమైన భాగస్వామీ" అని మొదలై, చదివేవాడు ఊపిరి తీసుకోవడానికి కూడా సందు లేకుండా సాగేవి. ఒక పెద్దాయన ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "ఎవలి పెండ్లి సారూ, గింత పెద్ద పత్రిక గొట్టిచ్చిన్రు?" అన్నాడు. మిగతావాళ్లు ఆ మాత్రం కూడా అడగలేదు. మూలన ఉన్న గుణకారం గుర్తు ఎక్కడుందో వెతికి నొక్కేసి వెన్న చూసుకుని పోయేవాళ్లు.

యాప్ వ్యవహారాలు చూసే అమ్మాయి కండ్లకోయ ఆఫీసులో కూర్చునేది. నా కూతురి వయసు ఉంటుంది. చురుకైన పిల్ల. ఒకరోజు మేడ్చల్ వచ్చి, "సార్, మీరు ఊళ్లలో ఎట్ల మాట్లాడతరో అట్లనే రాసియ్యండి, చాలు," అంది. రాసిచ్చాను. "రేపు పశువుల డాక్టర్ వస్తుండు. పొద్దుగాల బర్రెలను ఇడవకుండ్రి, కట్టేసి ఉంచుండ్రి." అంతే. మర్నాడు డాక్టరు వెళ్లేసరికి ఊరి బర్రెలన్నీ కొట్టాల్లోనే ఉన్నాయి. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషికి మెచ్చుకోలు దొరికితే ఏమవుతుందో మీకు ఇప్పుడు తెలియదు, ఆ వయసొచ్చాక తెలుస్తుంది. నేను నేల మీద నడవడం మానేశాను.

ఆ ఊపులోనే శభాష్ మెసేజ్ రాశాను. ఆలోచన పూర్తిగా నాదే, ఇందులో ఎవరికీ వాటా లేదు. ప్రతి ఊళ్లోనూ ఆ వారం అందరికంటే ఎక్కువ పాలు పోసినవారి పేరు, ఎన్ని లీటర్లో, ఆ ఊరివాళ్లందరి ఫోన్లలోనూ కనబడాలి. పైన రంగుకాగితాలు రాలుతుండాలి. కింద "శభాష్! ఈ వారం మన ఊళ్లె అందరికంటె ఎక్కువ పాలు వోసింది వీళ్లే!" అని ఉండాలి. అమ్మాయి ఒకటికి రెండుసార్లు అడిగింది. "పేరూ లీటర్లూ అందరికీ చూపించొచ్చా సార్?"

"మనోళ్లకు పేరు పడ్డదంటే పండుగే గదమ్మా," అన్నాను.

ఈ మాటన్నది ఎవరనుకున్నారు? మా ఇంట్లో బర్రె ఈనితే మా అమ్మ పిండేటప్పుడు గోనెపట్టా అడ్డం కట్టేది. ఎన్ని పాలిస్తోందని చుట్టాలడిగితే, "ఏదో, పిల్లల చాయ్‌కి సరిపోతున్నయ్," అనేది. దిష్టి తగలకుండా బర్రె కాలికి నల్లదారం కట్టింది నా చేతులతోనే. అవన్నీ చూసి పెరిగినవాణ్ని, ఆఫీసు మెట్లెక్కగానే ఎట్లా మరిచానో ఇప్పటికీ అర్థం కాదు.

శామీర్‌పేట దాటాక ఒక ఊళ్లో మొదటి వారం శభాష్ ఒక ముస్లిం ఆమెకు వచ్చింది. అందరం ఆపా అని పిలిచేవాళ్లం. నాలుగు బర్రెలు, కోడలి సాయం, పొద్దున లేస్తే గడ్డీ పేడా. ఆమె కేంద్రానికి పాలు తెచ్చే పద్ధతి నాకు ఏళ్ల నుంచీ తెలుసు. ఒక క్యాను వరసలో అందరితోపాటు తెచ్చేది. రెండో క్యాను జనం పలచబడ్డాక, మీద గుడ్డ కప్పి, వెనక సందులోంచి తెచ్చేది. రెండూ కలిపి ఎన్ని లీటర్లో ఆమెకూ కేంద్రం నడిపే ఆయనకూ మిషన్‌కూ తప్ప ఇంకెవరికీ తెలియకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది. నేను ఒక్క పొద్దున ఊరందరి ఫోన్లలో రంగుకాగితాలు చల్లి ఆ లెక్క చెప్పేశాను.

ఐదోరోజు కేంద్రం నడిపే ఆయన ఫోన్ చేశాడు. "సారూ, మీరేం వెట్టిన్రో ఏమో గని, ఊరంత యాప్ తీసేస్తాంది. ఆపా బర్రెకు పొదుగు వాసింది. దగ్గరికి వోతె తన్నుతాంది. నజర్ తగిలిందని ఆమె యాప్ తీసేసింది. రేపు మా పేరొస్తదేమోనని మిగిలినోళ్లు గూడ తీసేసిన్రు."

"నీ ఫోన్ల ఉన్నదా?"

"నేను కేంద్రపోన్ని, నాకు తప్పుతదా సారూ!"

సాయంత్రం ఆపా ఇంటికి వెళ్లాను. ఎప్పుడు వెళ్లినా చిక్కటి చాయ్ ఇచ్చేది. ఆ రోజూ ఇచ్చింది, కానీ నల్ల చాయ్. నాలుగు బర్రెలున్న ఇంట్లో పాలు లేని చాయ్ ఎందుకిచ్చారని అడగవలసిన పని లేదు. గప్‌చుప్‌గా తాగాను.

"సారూ, ఎన్నేండ్ల సంది మా ఇంటికొస్తున్రు?" అంది.

"ఇరవై ఏండ్లు దాటింది ఆపా."

"ఎన్నడన్న నా బర్రె ఎన్ని పాలిస్తదని నన్ను అడిగిన్రా?"

"అడగలే."

"నన్ను అడగనోళ్లు ఊరందరికి ఎట్ల జెప్పిన్రు?"

నేను డాక్టరు మాట అందుకున్నాను. పొదుగువాపు నజర్ వల్ల, దిష్టి వల్ల రాదనీ, పాలు మిగిలిపోయినా నేల శుభ్రంగా లేకపోయినా వస్తుందనీ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"డాక్టర్ జెప్పింది నిజమే గావచ్చు. నేను సదువుకోలె. గని మీరు గది రాసినంక మూడు దినాలు నా ఇంటికి ఎంతమందొచ్చిన్రో ఎరికేనా? గా బర్రె ఏదో సూసి పోతమని పిండే యాళ్లకే వచ్చిన్రు. కొత్త మొకాలు సూసి అది బెదిరింది, పాలు ఇడవలే. పాలు పొదుగులనే నిలిచినయ్. గిప్పుడు దాన్ని నజర్ అంటరో ఏమంటరో మీరే జెప్పుండ్రి."

అప్పుడు నేను చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ చెంపలు మండుతాయి. "పైనోళ్లు పెట్టిన్రు ఆపా, నాకు తెల్వదు. తీసెయ్యమని జెప్తా," అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

శభాష్ ఆ సాయంత్రమే తీసేశాం. కానీ ఆ ఊళ్లో ఒక్కరూ యాప్ మళ్లీ పెట్టుకోలేదు. వెన్న అంకె పాతకాలంలో లాగా చీటీ మీదే రాసివ్వమన్నారు. ఆపా బర్రెకు సూదులు పడ్డాయి, వాపు మెల్లగా దిగసాగింది. ఆమె ఒక్క క్యానే తెచ్చేది. నేను కేంద్రానికి వెళ్లినప్పుడు సలాం చెబితే సలాం అనేది, అంతకుమించి మాట లేదు.

మూడు వారాల తర్వాత ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం రెండింటికి మా గోదాం నుంచి ఫోన్ వచ్చింది. మేం రైతులకు పశువుల దాణా కూడా ఇచ్చేవాళ్లం. వెనక గోడ పక్క కప్పు కారి దాణా బస్తాలు తడిశాయట. పైకి ఆరినట్టే ఉన్నాయి, లోపల బూజు పట్టింది. ఆ వరసలోంచి ముందురోజు సాయంత్రం ఒక్క ఊరికే బస్తాలు దించారట. ఏ ఊరని అడిగాను. ఆపా వాళ్ల ఊరే.

బూజు పట్టిన దాణా తింటే పశువు మేత మానేస్తుంది, పారుకుంటుంది. కట్టినదైతే ఈసుకుపోతుంది, కడుపు నిలవదు. సూదులతో ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న బర్రెకైతే మళ్లీ లేచే ఓపిక ఉండదు. సాయంత్రం పిండేముందు, నాలుగింటికల్లా ఊళ్లో దాణా నానబెడతారు. చేతిలో ఉన్నది రెండు గంటలు.

యాప్ అమ్మాయికి ఫోన్ చేశాను. "మెసేజ్ ఇప్పుడే పెడత సార్. కానీ ఆ ఊళ్లో యాప్ ఉన్న ఫోన్ ఒక్కటే," అంది. అది కేంద్రం ఆయనది. ఆయన మేడ్చల్‌లో పెళ్లికి వెళ్లాడు, బ్యాండు మోతలో ఫోన్ ఎత్తడం లేదు. మరో నలుగురికి చేశాను. ఇద్దరు ఎత్తలేదు. ఒకాయన కంపెనీ నంబరు చూసి కట్ చేశాడు. ఒకరి ఫోన్ కాలేజీలో ఉన్న కొడుకు దగ్గరుంది. యాప్ ఎందుకు పోయిందో, ఎవరి వల్ల పోయిందో తలుచుకుంటూ బండి తీశాను. దారిలో మేనేజరుకు చెప్పాను. ఆయన ఆలోచించి, "చెడిపోయింది, తప్పు అనే మాటలు ఎక్కడా రానియ్యకండి. నాణ్యత పరిశీలన కోసం వెనక్కి తీసుకుంటున్నామని రాయించండి," అన్నాడు.

ఊళ్లోకి వెళ్లేసరికి మూడు దాటింది. మొదటి ఇంట్లో చెబితే ఆయన నవ్వాడు. "నిన్న మంచిగుందని దించిన్రు, ఇయ్యాల పెట్టొద్దంటున్రు. గా యాప్ మళ్ల వెట్టిచ్చెతందుకు గిదొక వేషమా సారూ?" రెండో ఇంట్లో కూడా అదే మాట, కాస్త మర్యాదగా. ఇట్లా అయితే చీకటి పడేదాకా పది ఇళ్లు కూడా ఒప్పుకోవని అర్థమైంది. బండి ఆపా ఇంటివైపు తిప్పాను.

ఆమె కొట్టంలో ఉంది. కొత్త బస్తా మూతి విప్పి ఉంది. తొట్టిలో నీళ్లు పోసి దాణా కోసం గిన్నె ముంచబోతోంది. బీమారు బర్రె పక్కనే నిలబడి నెమరేస్తోంది.

"ఆపా, వెయ్యకు!" అని అరిచాను. ఇరవై ఏళ్లలో ఆ ఇంట్లో గొంతు పెంచడం అదే మొదటిసారి.

ఆమె గిన్నె పట్టుకునే నిలబడింది. బస్తా మీది నంబరు చూపిస్తూ సంగతి చెప్పాను. మేనేజరు మాటలు నోటిదాకా వచ్చాయి. బర్రె మొహం చూసి అవి మింగేసి, "మా గోదాంల తడిసింది. మేం సూసుకోలే. తప్పు మాది," అన్నాను. మొదలుపెట్టాక ఇంకోటి కూడా బయటికొచ్చేసింది. "గా శభాష్ రాసింది గూడ పైనోళ్లు గాదు ఆపా. నేనే. నీకు అబద్ధం జెప్పిన."

"ఎరికే," అంది.

"ఎట్ల ఎరికె?"

"గట్ల మాట్లాడెటోళ్లు మీ కంపెనీల మీరొక్కరే గద సారూ. నా దగ్గర గూసొని నాకే తెల్వదన్నరు సూడు, బర్రె వాపు కంటె గదే ఎక్కువ నొచ్చింది."

ఆమె వంగి బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. పిడికెడు తీసి నలిపి వాసన చూసింది. గడ్డలు వేళ్లకు నలగలేదు. ముఖం అటు తిప్పుకుంది. "మీ బస్తా మీద గా సన్న ఇంగ్లీషు నంబర్లు ఎవల్లు సదువుతరు? చెయ్యి వెడితే తెలుస్తాంది గదా. మీద మంచిగనే ఉంది, అడుగున సల్లగ గడ్డలు గట్టింది."

"ఊళ్లె ఎవ్వరు నమ్ముతలేరాపా. నువ్వు జెప్తె ఇంటరు."

"నేనెందుకు జెప్పాలె? శభాష్ అని ఊరందరికి రాసిన్రు గద. గిది గూడ ఊరందరికి రాయుండ్రి. ఇప్పుడు నాతోని ఏమన్నరో గట్లనే రాయుండ్రి. తప్పు మాది అని. గప్పుడు నేను ఫోన్ వట్టుకొని ఇల్లిల్లు తిరుగుత."

కొట్టంలో నిలబడే అమ్మాయికి ఫోన్ చేసి ఒక్కో మాటా చెప్పాను. సగం మాటలు ఆపావే. "కొత్త బస్తా దాణ పెట్టకుండ్రి. అడుగుదాక చెయ్యి వెట్టి సూడుండ్రి. సల్లగ, గడ్డలు గట్టి, బూజు వాసనొస్తె అది ఖరాబైంది. తప్పు మాది. బస్తాలు మేమే తీస్కపోతం."

మేనేజరు అప్పటికే అమ్మాయికి కూడా ఫోన్ చేశాడట. "సార్, ఆ మాట వద్దన్నారు కదా?"

"వద్దన్నరు. నువ్వు పెట్టమ్మా. ఎవరన్న అడిగితే నా పేరు జెప్పు."

ఇంకో మూడు నెలల్లో రిటైరయ్యేవాణ్ని. ధైర్యం అనుకునేరు, అదేం లేదు. ఆ తొట్టి పక్కన నిలబడి ఆమెతో ఒకటి అని, ఫోన్లో ఇంకోటి రాయించడం నావల్ల కాలేదు.

కోడలు ఫోన్లో యాప్ మళ్లీ దించింది. ముసురుకు సిగ్నల్ అంతంత మాత్రం. ముగ్గురం ఆ గుండ్రంగా తిరిగే బొమ్మను చూస్తూ నిలబడ్డాం. తెరుచుకోగానే మెసేజ్ వచ్చింది. కోడలు గట్టిగా చదివింది. "తప్పు మాది" దగ్గర ఆపా చెయ్యెత్తి, "మళ్ల సదువు," అంది. విన్నాక కొంగు తల మీదికి లాక్కుని ఫోన్ తీసుకుని, "జల్దీ నడువుండ్రి, నాలుగైతాంది," అని నాకంటే ముందు వానలోకి దిగింది.

ఆమె ప్రతి ఇంటి ముందూ ఒకటే మాట. "గిది సూడుండ్రి, కంపెనోళ్లు తప్పు మాది అని రాసిన్రు." అంతే, జనం ఆ ఫోన్ చేతుల్లోకి తీసుకుని చదివి, బస్తాలో చెయ్యి పెట్టి చూసేవాళ్లు. ఇందాక నన్ను చూసి నవ్వినాయన బస్తా భుజానికెత్తుకుని మాతోనే వచ్చాడు. ఐదింటికి పాలకేంద్రం వరండా నిండా బస్తాలే. పాలు పోయడానికి వచ్చినవాళ్లు కాలు పెట్టే సందు లేక గోలగోల చేశారు. ఆ గోల నాకు చెవికి ఎంత ఇంపుగా ఉందో చెప్పలేను. రెండిళ్లవాళ్లు మాత్రం పొద్దున్నే కొత్త బస్తా విప్పారు. వాళ్ల బర్రెలు రెండు రోజులు మేత మానేసి, మందులతో తేరుకున్నాయి. ఆ రెండు రోజులూ నాకు కూడా అన్నం సయించలేదు.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. అనుమతి లేని మాటలు వాడినందుకు సంజాయిషీ ఇవ్వమని. ఉద్యోగం మొత్తంలో నేనందుకున్న మెమో అదొక్కటే. ఒక్క లైను సంజాయిషీ రాశాను. తప్పు మాదే కనక అట్లా రాయించానని. దాని మీద ఎవరూ ఇంకేం మాట్లాడలేదు. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే యాప్ మళ్లీ పెట్టుకున్నారు. ఎవరి పాలు వాళ్లకే కనబడేట్టు అమ్మాయి మార్చేసింది. రంగుకాగితాల్లేవు. ఆపా నాకు ఒకే షరతు పెట్టింది, ఎక్కడా ఏ కాగితం మీదా తన పేరు రాయొద్దని. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు.

ఇక ముందు వరసలో లేచిన అమ్మాయికి జవాబు. బాగా పనిచేసింది ఆ దాణా మెసేజే. అది పనిచేసిందని ఆఫీసులో అంకెలు చూసి చెప్పారు. ఎంతమంది తెరిచారు, ఎంతమంది చివరిదాకా చదివారు అని. నాకు తెలిసింది మాత్రం రిటైర్మెంటుకు వారం ముందు, ఆ ఊరి కేంద్రంలో. పొద్దున ఆపా వరసలో వచ్చి ఒక క్యాను పోసి వెళ్లింది. జనం పలచబడ్డారు. నేను చీటీల పుస్తకం చూస్తూ వరండాలో కూర్చున్నాను. వెనక సందులోంచి చెప్పుల చప్పుడైంది. తలెత్తితే ఆపా, చేతిలో గుడ్డ కప్పిన రెండో క్యాను.

గబుక్కున లేచి గోడవైపు తిరిగాను. వెనక పాలు మిషన్‌లోకి పోసిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడును బట్టి ఎన్ని లీటర్లో చెప్పగలిగినంత అనుభవం నాకుంది. గట్టిగా దగ్గడం మొదలుపెట్టాను.

"సూస్తలేరు గద సారూ?" అంది వెనకనుంచి.

"లేదాపా," అన్నాను, గోడతోనే.

"పొయ్యేటప్పుడు ఇంటికి రాండ్రి. చాయ్ వెడుత. ఈసారి పాలతోని."